‘పంచ్’ పుట్టుక – ఐదు లెక్క

ఇంగ్లీషులో ‘పంచ్’ అనే ఒకే ధ్వని కింద కనీసం మూడు వేర్వేరు మాటలు ఉన్నాయి. పిడిగుద్దు ఒకటి. మన సినిమాల పంచ్ డైలాగు దాని సంతానమే. లండన్‌లో 1841లో మొదలైన హాస్యపత్రిక పేరు రెండోది. ఇటలీ జానపద నాటకాల్లోని పుల్చినెల్లా అనే విదూషకుడి పేరు ఇంగ్లీషు బొమ్మలాటలోకి వచ్చి, కురచ కాగా మిగిలిన ముక్క అది. లక్నోలో 1877లో పుట్టిన ఉర్దూ వారపత్రిక ‘అవధ్ పంచ్’ దీనికే చుట్టం. ఇక మూడోది మత్తు పానీయం. సారాయి, పంచదార, నిమ్మరసం, నీళ్లు, జాజికాయ వంటి సుగంధద్రవ్యం పెద్ద గిన్నెలో కలిపి గరిటెతో నలుగురికీ పోసేది. ఇవాళ పెద్ద హోటళ్లలో కనిపించే కాక్‌టెయిళ్లలో చాలావాటికి ఇది ముత్తవ్వ. ధ్వని ఒకటే, పుట్టుకలు వేరు. ఈ వ్యాసం మూడోదాని గురించి.

దీని పుట్టుక గురించి మన పండితుల్లో ఒక కథ స్థిరపడిపోయింది. పంచ్ అంటే మన ‘పంచ’ శబ్దమే, ఐదు వస్తువులు కలుపుతారు కాబట్టి ఆ పేరు వచ్చింది, ఇంగ్లీషువాడు తాగడం కూడా మన దగ్గరే నేర్చుకున్నాడు, అని. సభల్లో ఈ మాట అనగానే చప్పట్లు పడతాయి. సంస్కృతానికి ప్రపంచమంతా బాకీ ఉందన్న తృప్తి శ్రోతల ముఖాల్లో కనిపిస్తుంది. పంచదారలో కూడా ‘పంచ’ ఉంది కాబట్టి పంచ్ దాన్నుంచే వచ్చిందని రేపెవరైనా అన్నా నేను ఆశ్చర్యపోను.

మనల్ని మెచ్చుకునే నిరుక్తిని మామూలు నిరుక్తికంటే గట్టిగా పరీక్షించాలని నా అభిప్రాయం. సాహిత్య విద్యార్థులకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని ఒక మాట చరిత్రను పొగడ్త కోసం వాడుకోవడం అలవాటైనవాడు కావ్య చరిత్రనూ, కుల చరిత్రనూ, దేశ చరిత్రనూ అలాగే వాడతాడు. అందుచేత సాక్ష్యాలను కాలక్రమంలో చూద్దాం.

ఇంగ్లీషులో ఈ మాట లిఖితరూపంలో మొదట దొరికేది 1632లో. రాసినవాడు రాబర్ట్ ఆడమ్స్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అందుకున్నవాడు థామస్ కోలీ అనే కంపెనీ వర్తకుడు. ఆ వర్తకుడు ఉన్న ఊరు పెట్టపోలి. తెలుగు పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పెట్టపోలి అంటే మన నిజాంపట్నం, ఇప్పటి బాపట్ల జిల్లాలోని రేవు. పెద్దపల్లి అన్న ఊరిపేరు వాళ్ల నోట అలా అయిందంటారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చిన ఇంగ్లీషు కంపెనీవారు తూర్పు తీరంలో మొదట బేరం పెట్టింది అక్కడే, ఆ వెంటనే మచిలీపట్నంలో. ఆ ప్రాంతపు చిరివేరు రంగుకూ, ఆ రంగుతో అద్దిన బట్టకూ అప్పట్లో పెద్ద పేరు.

ఉత్తరంలో ఉన్నది కుశలప్రసంగమే. మంచి తోడు దొరికినందుకు సంతోషం, కలిసి చక్కగా కాపురం చేసుకోండి అన్న ధోరణిలో సాగి, పంచ్ తాగడం గురించి ఒక సరదా మాట తగులుతుంది. గమనించవలసింది ఏమిటంటే, పంచ్ అంటే ఏమిటో అతడు వివరించలేదు. అంటే రాసినవాడికీ చదివినవాడికీ ఆ మాట అప్పటికే పాతది. ఓడల్లోనో, రేవుల్లోని కంపెనీ కొట్లలోనో అంతకుముందే పుట్టి, నోటి వాడుకలో నలిగి ఉండాలి.

ఆ సంవత్సరం గురించి కూడా ఒక మాట. 1630–32 గుజరాతునూ దక్కనునూ తుడిచిపెట్టిన మహాక్షామం కాలం. దాని దెబ్బ గోల్కొండ రాజ్యపు తీరం మీదా, అక్కడి నేతపనివారి మీదా పడింది. అదే 1632లో గోల్కొండ సుల్తాను ఇంగ్లీషువారికి బంగారు ఫర్మానా ఇచ్చి, ఏడాదికి 500 వరహాల సుంకంతో తన రేవుల్లో వ్యాపారం చేసుకోనిచ్చాడు. ఒకవైపు మగ్గాల మీద మనుషులు లేక ఊళ్లు పాడుపడుతున్నాయి, ఇంకొకవైపు వర్తకానికి రాయితీలు, మధ్యలో ఈ ఉత్తరం. నిఘంటువులో ఈ మాట పక్కన ‘1632’ అని ఒక అంకె మాత్రమే కనిపిస్తుంది. ఆ అంకె వెనక ఏముందో నిఘంటువు చెప్పదు, చెప్పడం దాని పనీ కాదు. చెప్పవలసినవాళ్లం మనం.

తర్వాతి సాక్షి మాండెల్‌స్లో అనే జర్మన్ యాత్రికుడు. 1638లో సూరత్‌లో ఇంగ్లీషువారి విడిదిలో ‘పలేపున్‌ట్స్’ అనే పానీయం చూశాడు. అందులో సారాయి, పన్నీరు, నిమ్మజాతి రసం, పంచదార. లెక్కపెట్టండి, నాలుగు. అటుపిమ్మట ఫ్రెంచి వైద్యుడు బెర్నియే. ఔరంగజేబు కాలంలో మన దేశంలో ఉన్నవాడు. అతడి నోట ఇది ‘బూల్‌పోంజ్’. గిన్నెను ఇంగ్లీషులో ‘బౌల్’ అంటారు కదా, గిన్నెడు పంచ్ అన్న మాట ముద్దగా వినబడితే అలా అయింది. అరఖు, నిమ్మరసం, నీళ్లు, కాస్త జాజికాయ అని అతడు రాశాడు. మళ్లీ నాలుగే. ఒంటికి మహా చేటని కూడా హెచ్చరించాడు.

ఐదు అన్న లెక్క మొదట చెప్పినవాడు జాన్ ఫ్రయర్. కంపెనీ వైద్యుడు, 1670ల్లో మన దేశంలో తిరిగినవాడు, 1673లో మచిలీపట్నంలో కూడా దిగినవాడు. అతడి గ్రంథం 1698లో అచ్చయింది. గోవా దగ్గరి నేరూల్‌లో మేలురకం అరఖు కాస్తారనీ, దానితో ఇంగ్లీషువారు ‘పాంచ్’ అనే నిస్సత్తువ పానీయం చేస్తారనీ, ఆ మాటకు హిందుస్తానీలో ఐదు అని అర్థమనీ, ఐదు వస్తువులు కలపడంవల్ల ఆ పేరనీ రాశాడు. మనవాళ్ల చప్పట్లన్నిటికీ ఆధారం ఈ ఒక్క వాక్యమే. మాట కాగితం మీదికి ఎక్కిన నలభై ఏళ్లకు వచ్చిన వివరణ ఇది. పుట్టినప్పుడు చూసినవాడి సాక్ష్యం వేరు, పెరిగి పెద్దయ్యాక పేరుకు అర్థం చెప్పినవాడి సాక్ష్యం వేరు.

ఫ్రయర్ మాటను పూర్తిగా కొట్టిపారేయడానికీ వీల్లేదు. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశం ఫ్రయర్‌ను సమర్థిస్తూ ఒక మంచి ఆధారం చూపింది. ఉత్తరాదిలో గుర్రాలకు పెట్టే ఒక మందును ‘బత్తీసీ’ అంటారు, అందులో 32 దినుసులుంటాయని. దినుసుల లెక్కతో పేరు పెట్టడం ఈ దేశపు పద్ధతేనని వాళ్ల వాదం. అది నిజం. పంచామృతం, పంచగవ్యం, త్రిఫల, త్రికటుకం, పంచలోహం, ఇలా మన వంటింటినుంచి వైద్యుడి సంచిదాకా సాక్ష్యాలు ఉన్నాయి. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ‘హాబ్సన్-జాబ్సన్’ అన్న ఆ పేరే ఒక పాఠం. మొహర్రంలో ‘యా హసన్, యా హుసేన్’ అని గుండెలు బాదుకుంటూ చేసే శోకధ్వని తెల్ల సిపాయిల చెవికి అలా వినబడింది. వలస పాలకుడి చెవి ఎంత నమ్మదగిందో ఆ పదకోశపు అట్ట మీదే రాసి ఉంది.

చిక్కంతా అచ్చు దగ్గర వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు ‘ఐదు’ నిరుక్తిని పేర్కొంటూనే ఇక్కడ సందేహం లేవనెత్తింది. 17వ శతాబ్ది మొదటి భాగంలో ఇంగ్లీషువారు ఈ మాటలోని అచ్చును నేటిలాగా ‘అ’కు దగ్గరగా పలికేవారు కారు. ‘ఉ’ అని పలికేవారు. ఇంగ్లీషులో ఆ అచ్చు ‘అ’ వైపు జరగడం తర్వాతి పరిణామం. పంజాబ్ పేరులో వాళ్లు ‘యు’ అక్షరం వేయడం ఆ పరిణామం స్థిరపడ్డాక వచ్చిన అలవాటు. పైన చెప్పిన సాక్షులే దీనికీ సాక్షులు: జర్మన్ ‘పున్‌ట్స్’ అన్నాడు, ఫ్రెంచివాడు ‘పోంజ్’ అన్నాడు. ఇద్దరి చెవిలోనూ ‘ఉ’, ‘ఒ’లే పడ్డాయి. హిందుస్తానీ ‘పాంచ్’లో ఉన్నది దీర్ఘమైన ‘ఆ’. అది విన్నవాడు రాస్తే ఫ్రయర్ రాసినట్టే ‘పాంచ్’ అని రాయాలి. ఫ్రయర్ తన వివరణకు అనుకూలంగా వర్ణక్రమాన్ని సవరించుకున్నాడేమోనని నా అనుమానం.

మన లిపి చేసిన మాయ కూడా ఇందులో ఉంది. నేటి ఇంగ్లీషు ఉచ్చారణ విని మనం ‘పంచ్’ అని రాస్తాం. రాయగానే అది ‘పంచ’లాగా కనిపిస్తుంది. నిజాంపట్నంలో 1632లో ఒక తెలుగు దుబాసీ ఆ మాట విని రాసుకుని ఉంటే ‘పుంచి’ అనో ‘పుంచు’ అనో రాసి ఉండేవాడు. అప్పుడు ఏ పండితుడికీ పంచామృతం గుర్తొచ్చేది కాదు.

ఇంకో నిరుక్తి ఉంది. ‘పంచన్’ అని పెద్ద పీపా. ఓడల్లో ద్రాక్షసారాయి నిలవచేసేది. ఆ పేరు కుదించి నావికులు పంచ్ అన్నారని. అచ్చు సరిపోతుంది. వస్తువు సరిపోదు. పంచ్ ఎక్కడ కనిపించినా గిన్నెలోనే కనిపిస్తుంది, పీపాలో కాదు. పైగా తొలి ప్రస్తావనలన్నీ మన దేశపు రేవులకు సంబంధించినవే. పీపాలు లండన్‌లోనూ ఉన్నాయి కదా, అక్కడెందుకు పుట్టలేదు? కాబట్టి నాకు తోచేది ఇది: ఈ పానీయమూ ఈ మాటా కంపెనీ నావికుల మధ్య, మన తీరాల్లో పుట్టాయనడం ఖాయం. ‘ఐదు’నుంచి పుట్టిందనడం సంభావ్యమే గాని నిరూపితం కాదు.

ఒకవేళ ఐదే అయినా, అది ఎవరి ఐదు? తెలుగువాడి నోట ఐదు ‘ఐదు’. ‘పంచ’ మనకూ అరువు మాటే. ఇంగ్లీషువాడి ‘ఫైవ్’, గ్రీకుల ‘పెంటె’, సంస్కృత ‘పంచ’ మూడూ ఒకే ఇండో-యూరోపియన్ మూలంనుంచి చీలినవి. అంటే పంచ్ మాటతో మనం ఇంగ్లండుకు సంస్కృతాన్ని దానం చేశామన్న కథ నిజమే అయినా, అది దూరపు దాయాది ఇంటికి వెళ్లిన చుట్టరికమే గాని విజయయాత్ర కాదు. ఐదు అనే అంకె మన సమాజంలో పంచామృతంతో ఆగలేదన్నదీ మరవరాదు. నాలుగు వర్ణాలు లెక్కపెట్టి, ఆ లెక్క వెలుపలకు నెట్టినవాళ్లకు ‘పంచములు’ అని పేరు తగిలించింది కూడా ఆ అంకే. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ ఆ పేరును తోసిరాజని ‘ఆది ఆంధ్ర’ అన్న పేరు నిలబెట్టింది. ‘పంచ’ శబ్దం వినబడగానే పులకించే మిత్రులు ఈ సంగతి కూడా పులకింతలో కలుపుకోవాలి.

పేరును వదిలి గిన్నెలోకి చూస్తే అనుమానం లేని చరిత్ర కనిపిస్తుంది. పంచదారకు ఇంగ్లీషు మాట ‘షుగర్’. సంస్కృత ‘శర్కర’ పారసీకంలో ‘షకర్’, అరబీలో ‘సుక్కర్’ అయి ఐరోపా చేరింది. నిమ్మకు వాళ్ల పేర్లు అరబీ, పారసీక వర్తకులు మోసుకెళ్లినవి. జాజికాయ బాందా దీవులది. దాని కోసం 1621లో డచ్చివారు ఆ దీవుల జనాన్ని ఊచకోత కోశారు. ఇక అరఖు. అరబీలో ‘అరక్’ అంటే చెమట. బట్టీ మూతకు ఆవిరి పట్టి బొట్టుబొట్టుగా కారుతుంది కాబట్టి ఆ పేరు. మన ఇళ్లలో కడుపునొప్పికి పోసే వాము అరఖులో ఉన్నది ఈ మాటే. అరకు లోయకు దీన్ని ముడిపెట్టకండి. ధ్వని కలిసినంతమాత్రాన చుట్టరికం కలవదని మొదటి పేరాలోనే మనవి చేశాను.

చెమట అనే అర్థంగల మాట సారాయికి పేరవడం నాకు యాదృచ్ఛికంగా తోచినా ఉచితంగానే తోస్తుంది. పశ్చిమ తీరంలో ఆ అరఖు కాచింది కొబ్బరికల్లునుంచి. కల్లు దించినవాడు గీత కార్మికుడు. అతడి మాట మాత్రం నిస్సందేహంగా ఇంగ్లీషులోకి వెళ్లింది. హిందీ ‘తాడీ’, మన తాడి చెట్టు, ఇంగ్లీషులో ‘టాడీ’. తొలి ఇంగ్లీషు యాత్రికులు ‘టారీ’ అనీ ‘టాడీ’ అనీ రకరకాలుగా రాశారు. మూర్ధన్యమైన ఆ ‘డ’ వాళ్లకు ఒకసారి ‘ర’గా, ఒకసారి ‘డ’గా వినబడింది. ఆ మాటే తర్వాత స్కాట్లండు చేరి, వేడినీళ్లలో విస్కీ, పంచదార కలిపిన చలికాలపు పానీయానికి పేరయింది. అక్కడ తాటిచెట్టూ లేదు, కల్లూ లేదు, మాట మాత్రం ఉంది. సంస్కృత ‘తాల’ శబ్దమే ద్రావిడ భాషలనుంచి తీసుకున్నదని కొందరు భాషాశాస్త్రజ్ఞుల వాదన. అదే నిజమైతే చెట్టెక్కేవాడి మాట ఒకవైపు సంస్కృతానికీ ఇంకోవైపు ఇంగ్లీషుకూ వెళ్లిందన్నమాట. ధ్వని, అర్థం, రాతసాక్ష్యం అన్నీ కలిసిన నిరుక్తి ఇది. దీనికి మాత్రం సభల్లో చప్పట్లు వినబడవు. ‘పంచ’ పక్కన మంత్రం ఉంది, ‘తాడి’ పక్కన కల్లుకుండ ఉంది. అంతకుమించి కారణం నాకు కనిపించదు.

కల్లు మీద పన్నువేయని రాజ్యం లేదు. గీత కులంలో పుట్టి గోల్కొండ నేల మీద మొగలాయీలను ఎదిరించి 1710లో ప్రాణం కోల్పోయిన సర్వాయి పాపన్న కథ మన జానపదులకు తెలుసు. కంపెనీ, దాని తర్వాతి సర్కారు ఆ పన్నును యంత్రంలా బిగించాయి. దాని పేరు ఆబ్కారీ, పారసీకంలో ‘నీటిపని’ అని ముద్దుగా అర్థం. మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది 1886లో. పంచ్‌కు ఐదు లెక్క చెప్పిన ‘హాబ్సన్-జాబ్సన్’ వచ్చిందీ 1886లోనే. క్యూబాలో బానిసత్వం రద్దయిందీ అదే సంవత్సరం. మూడూ ఒక ఏడు కలవడం కాకతాళీయం. కాకి వాలడం, తాటిపండు రాలడం, అంతే. నిరుక్తకారులకు తాటిచెట్టు ఎప్పుడో చెప్పిన హెచ్చరిక ఆ మాటలోనే ఉంది.

క్యూబాను ఊరికే తేలేదు. పంచ్ మన తీరంనుంచి కంపెనీ ఓడలెక్కి ఇంగ్లండుకూ, అట్లాంటిక్ దాటి చెరకుతోటల దీవులకూ వెళ్లింది. అక్కడ అరఖు దొరకదు. చెరకు మడ్డినుంచి తీసే రమ్ము దొరుకుతుంది, ఆఫ్రికా బానిసల చాకిరీ పుణ్యమా అని చవగ్గా. గిన్నె క్రమంగా గ్లాసయింది. సారాయి, పంచదార, నీళ్లు, చేదు మందు కలిపినదే కాక్‌టెయిల్ అని 1806లో ఒక అమెరికన్ పత్రిక నిర్వచనం ఇచ్చింది. ఆ వంశంలోదే డైకిరి. రమ్ము, నిమ్మరసం, పంచదార, మంచు. 1930ల్లో హవానాలోని ఎల్ ఫ్లోరిదీతా సారాదుకాణంలో మంచుతో కలిపి యంత్రంలో చిలకడంతో లోకప్రసిద్ధమయింది, హెమింగ్వే వంటి రచయితల పుణ్యాన. దాని పేరు విషయంలో అంకెల గొడవ లేదు. శాంటియాగో దగ్గరి ఒక రేవూరు, పక్కనే ఇనుప గనులు, వాటి యజమానులు అమెరికన్లు. 1898 జూన్ 22న అమెరికన్ సైన్యం స్పెయిన్ మీద యుద్ధానికి దిగింది ఆ రేవులోనే. పానీయం కనిపెట్టిన ఘనత జెనింగ్స్ కాక్స్ అనే గని ఇంజనీరుకు కట్టబెట్టారు. ఆ ఊరిపేరు తైనోలదని అంటారు. కొలంబస్ వచ్చినప్పుడు ఆ దీవుల్లో ఉన్న ఆదివాసులు వాళ్లు. వాళ్ల భాషను మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. పలికేవాడు పోయాక పలుకు గ్లాసు మీద మిగిలింది. గనిలో తవ్విన కూలీ పేరు ఒక్కటీ ఆ కథలో లేదు. ఇంజనీరు పేరుంది.

పంచ్ కథలో మన స్థితి అంతకంటే మెరుగు. తాటిచెట్టు ఎక్కేవాడు ఇంకా ఉన్నాడు, అతడి భాష ఇంకా నోళ్లలో ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదాలతో మొదలుపెట్టిన మాండలిక వృత్తిపదకోశం పద్ధతి మన ముందుంది. వృత్తి చేసేవాడి దగ్గరికి వెళ్లి, పనిముట్టు చూసి, మాట రాసుకోవడం. మా నల్లగొండ వైపు పిల్లలచేత నేను చేయిస్తున్న పని అదే. తొమ్మిదో తరగతి పిల్లలు ఇప్పటికి రెండు నోటుపుస్తకాలు నింపారు. మోకు, ముస్తాదు, లొట్టి వంటి పనిముట్ల పేర్లు మొదటి పుస్తకంలో. పోద్దాటికల్లు, పరుపుదాటికల్లు, పండుదాటికల్లు అని చెట్టునుబట్టీ కాలాన్నిబట్టీ కల్లుకు మారే పేర్లు రెండోదాంట్లో. ఈ మాటల్లోని ‘తాడు’ చెట్టు, పశువును కట్టే తాడు కాదు అని ఒక పిల్లవాడు పక్కన గీత గీసి రాసుకున్నాడు. వాళ్ల నాన్న చెప్పాడట.